లాగినాను సారూ

ఈ మధ్య ఎవరైనా ఒంట్లో ఎలా ఉందని అడిగితే, శుభ్రంగా ఉన్నాను, వారానికి మూడుసార్లు ఉతుకుతున్నారు అని చెబుతున్నాను. నవ్వొచ్చో లేదో తెలియక అడిగినవాళ్ళు నా ముఖం వైపు చూస్తారు. నవ్వమనే నా ఉద్దేశం. ఆరేడు నెలల కిందట ఎవరైనా పలకరిస్తే గోడవైపు తిరిగి పడుకునేవాణ్ణి. ఇప్పుడు కొంచెం తేరుకున్నాను కనుక, ఈ తేరుకోవడం ఎన్నాళ్ళుంటుందో తెలియదు కనుక, రాసి పెట్టుకుందామని కూర్చున్నాను. నాలాగా కిడ్నీలు చేతులెత్తేసి, మిషనుతో రక్తం కడిగించుకునేవాళ్ళు ఎవరైనా చదివితే, ధైర్యం రాకపోయినా కాలక్షేపమైనా అవుతుంది. ఆ కుర్చీలో నాలుగు గంటలు కూర్చోవాలి. కాలక్షేపం చిన్న విషయం కాదు.

నా గురించి రెండు ముక్కలు. చిత్తూరులో ముప్పై ఐదేళ్ళు టైపు నేర్పించాను. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి. కంప్యూటర్లు పోయి ఫోన్లు వచ్చాయి. ఆ తర్వాత నేర్చుకోవడానికి ఎవరూ రాలేదు. తాళం వేసి ఇంట్లో కూర్చున్నాను. ఊళ్ళో ఇప్పటికీ నన్ను టైపు సారు అంటారు. అదో టైపు సారు అని కూడా అంటారు, కానీ అది నా భార్య సరోజ చేర్చిన ముక్క.

ఫిబ్రవరి

మొదట చెప్పులు బిగుతయ్యాయి. కొన్న నెలకే కుదించుకుపోయాయని అంగడికి తీసుకెళ్ళి వాదనకు దిగాను. పక్కన నిలబడిన సరోజ చెప్పుల వైపు చూడలేదు, నా పాదాల వైపు చూసింది. వంగి చీలమండ మీద బొటనవేలితో నొక్కింది. గుంట పడింది, పడిన గుంట అలాగే ఉండిపోయింది. నొక్కిన మీట పైకి లేవకపోతే టైపు మిషనుకైతే ఇంత నూనె వేసేవాణ్ణి. ఇక్కడ ఎక్కడ వెయ్యాలో తెలియలేదు.

రక్తపరీక్ష చేయించారు. నేను చిన్నప్పుడు టైపులో లోయరు, హయ్యరు రెండూ ఫస్టుక్లాసులో పాసయ్యాను. ఈ పరీక్షలో అన్నీ హయ్యరే వచ్చాయి. చిత్తూరు డాక్టరు కాగితం మడిచి నా చేతికిచ్చి, తిరుపతికి పొమ్మన్నాడు. ఎప్పుడు పొమ్మంటారు అని అడిగాను. ఇప్పుడే అన్నాడు.

తిరుపతి ఆస్పత్రి హాలులో పొడవాటి ఇనుప బెంచీలు ఉంటాయి. ఒకరు లేస్తే బెంచీ మొత్తం ఒక అంగుళం కదులుతుంది. అలా అంగుళాల మీద జరుగుతూ మూడు గంటలకు డాక్టరు గదికి చేరాం. ఆయన చాలా మర్యాదస్తుడు. మూత్రపిండాలు రెండూ పనిచేయడం లేదని అచ్చ తెలుగులో చెప్పాడు. పిండం అన్న మాట మనం సాధారణంగా మనిషి పోయాక వింటాం. నాకు రెండు ముందే పెట్టి పంపించారన్నమాట, అవి కాకులకు కూడా పనికిరావట. ఈ మాట బయటికి వచ్చాక సరోజతో అన్నాను, ఆమెను నవ్విద్దామని. ఆమె నవ్వలేదు. బెంచీ మీద కూర్చుని చీర కొంగు నోట్లో పెట్టుకుంది. పక్కన ఉన్న ఎవరో ఆడమనిషి, మా పేరు కూడా అడగకుండా, తన తలలోని మల్లెపూలు సగం తుంచి సరోజ చేతిలో పెట్టింది. ఆమె ఎవరో మాకు ఇప్పటికీ తెలియదు. ఆ రోజు డాక్టరు చెప్పిన వాటిలో సగం మరిచిపోయాను కానీ ఆ పూలు మరవలేదు.

ఇంటికి వచ్చాక నీళ్ళ గొడవ మొదలైంది. రోజుకు ఇన్ని గ్లాసులే తాగాలని లెక్క. మా ఇంట్లో ఆ శాఖ సరోజ తీసుకుంది. నేను రోజుకు ఆరుసార్లు పళ్ళు తోముకోవడం మొదలుపెట్టాను. నాలుగో రోజుకు ఆమెకు అనుమానం వచ్చి బ్రష్షు దాచేసింది. నేను అరిచాను. జీవితంలో మొదటిసారి ఆమె మీద గ్లాసు విసిరాను. ఖాళీ గ్లాసే, అందులో నీళ్ళుంటే విసిరేవాణ్ణా. రెండు రోజులు మాటలు లేవు. తర్వాత ఎప్పుడో తెలిసింది, నా కళ్ళ ముందు తాను కూడా నీళ్ళు తాగడం మానేసిందని, వంటింటి తలుపు వెనక్కి పోయి తాగుతోందని. జబ్బు నాది, దాహం ఇద్దరిదీ.

మే

తిరుపతిలో మిషను మొదలైంది. మంగళ, గురు, శనివారాలు, పొద్దున ఏడింటికి. చిత్తూరు నుంచి తొలి బస్సుల్లో ఒకటి పట్టుకోవాలి. చిత్తూరులో అప్పుడు మామిడి రోజులు. గుజ్జు ఫ్యాక్టరీల ముందర ట్రాక్టర్లు వరసకట్టి, ఊరంతా పండు వాసన. మామిడిపండు నాకు విషంతో సమానమని చెప్పి ఉన్నారు. ముక్కుకు మాత్రం ఎవరూ పథ్యం చెప్పలేదు కనుక, బస్సు కిటికీ తెరుచుకుని కూర్చునేవాణ్ణి.

బస్సులో నా పక్క సీటు బాషాది. చిత్తూరులో దర్జీ. నాకన్నా రెండేళ్ళు ముందు నుంచి మిషను మీద ఉన్నవాడు, కాబట్టి నాకు సీనియరు. మొదటి రోజు సూది చూసి నేను కళ్ళు మూసుకుంటే, ఆ సూదిలో దారం లేదు సార్, భయమెందుకు అన్నాడు. అంతకు మించిన ధైర్యం నాకు ఏ డాక్టరూ చెప్పలేదు.

నా కుర్చీకి కుడివైపు బాషా, ఎడమవైపు మునెమ్మ. మునెమ్మది సత్యవేడు దగ్గర పల్లె. యాభై దాటిన మనిషి. ఇంట్లో తను, చుక్క అనే ఆవు. కూతురు పెళ్ళయి తమిళనాడులో ఉంది. ఊళ్ళో ఆమె మిషను సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆవును అమ్మేయమంటారని, పొద్దున లేచి జాలిపడతారని ఆమె భయం. వారానికి మూడుసార్లు తిరుపతికి ఎందుకు పోతున్నావని అడిగితే, మొక్కు అని చెప్పింది. చేతికి కట్టు ఏమిటంటే, కంకణం అంది. అబద్ధం కూడా కాదు, బతకాలని కట్టుకున్న కంకణమే. దానితో ఊరంతా ఆమెను మహాభక్తురాలిని చేసి, కనిపిస్తే పక్కకు తప్పుకోవడం మొదలుపెట్టారు. లడ్డు తెమ్మని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. ప్రతి శనివారం బాషా బస్టాండు దగ్గర తెలిసినవాళ్ళ ద్వారా లడ్డు సంపాదించి ఆమె సంచిలో వేసేవాడు. తనకు ప్రసాదం అందిస్తున్నది ఓ సాయిబు అని తెలియకుండా ఆ ఊరు కళ్ళకద్దుకుంటోంది. మాలో ఎవరమూ ఆ లడ్డు తినకూడదు. అది వేరే బాధ.

ఆగస్టు

కళావతి అని ఆ విభాగానికి పెద్ద నర్సు. సిస్టర్ అని పిలుస్తాం, మాలో సగంమంది ఆమెకు నాయన వయసువాళ్ళం అయినా. ఒకరోజు ఆమె అందరినీ చూసి చెప్పింది. నవంబరు నుంచి ఎవరు ఏ పూట రావాలో రిజిస్టరులో రాయరట. ప్రతి నెలాఖరు ఆదివారం పొద్దున ఏడింటికి ఫోనులో యాప్ తెరుచుకుంటుంది. ఎవరికి కావలసిన పూట వాళ్ళే ఎంచుకోవాలి. ఎంచుకోకపోతే ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ అదే వేసేస్తుంది. ఎవరి నంబరున్న ఫోనులో వాళ్ళదే తెరుచుకుంటుంది, ఇంకొకరు చేసిపెట్టే వీలులేదు.

బాషా ఫోనులో ఖవ్వాలీలు చూడగలడు, అంతకు మించి రాదు. మునెమ్మకు కూతురు కొనిచ్చిన మంచి ఫోను ఉంది. దాన్ని ఆమె కొట్టంలో టార్చిలైటుగా వాడుతోంది. మిగతావాళ్ళదీ అదే కథ. ముప్పై ఐదేళ్ళు మీటలు నొక్కించిన చేతులు ఇవి, నేను నేర్పిస్తాను సిస్టర్ అన్నాను. ఎడమచేతికి రెండు సూదులు గుచ్చి, కదిలించవద్దని చెప్పి ఉన్న సమయంలో అన్నాను. పది వేళ్ళతో టైపు చేయించినవాణ్ణి, ఒంటిచేత్తో ఒంటివేలి చదువు చెప్పడానికి సిద్ధమయ్యాను.

మొదటి పాఠం మీటల పలక పుట్టుపూర్వోత్తరాలతో మొదలుపెట్టాను. పది నిమిషాలకు ఆరుగురిలో నలుగురు నిద్రపోయారు. ఒకాయన మిషను మోగితే నా పాఠానికి గంట కొట్టారనుకుని లేవబోయాడు. మునెమ్మ మాత్రం మేలుకుని ఉండి, ఈ ఇంటర్నెట్టు అనేది యాడుండాది సారూ అని అడిగింది. ఆ ప్రశ్నకు నాకూ జవాబు తెలియదు. గాలిలో అన్నాను. గాలిలో ఉండేది ఫోనులోకి యాడ దూరతాది అంది. అప్పుడు తప్పించుకోవడానికి, అందరినీ నవ్వించడానికి, ఒక మాట అన్నాను. నెట్టు అంటే నెట్టేది, లాగిన్ అంటే లాగేది, నెట్టడమూ లాగడమూ వస్తే చదువు అయిపోయినట్టే అన్నాను. వార్డంతా నవ్వింది. నిద్రపోయినవాళ్ళు కూడా లేచారు. నలభై ఏళ్ళుగా లాగులు కుడతా ఉండా, ఈ లాగిన్‌కు జేబులెన్ని పెట్టాల సార్ అని బాషా అడిగాడు. నాకు చాలా గర్వంగా అనిపించింది. ఆ గర్వం ఇప్పుడు తలచుకుంటే కుర్చీలోనే మెలికలు తిరుగుతాను.

తర్వాతి వారాల్లో చదువు బాగానే సాగింది. యాప్ లోపలంతా తెలుగే, గుమ్మం మాత్రం ఇంగ్లీషు. గుమ్మంలో పాస్‌వర్డ్ కొట్టాలి. మునెమ్మ తన ఆవు పేరు, దాని చన్నుల లెక్క కలిపి చుక్క4 పెట్టుకుంది. ఇంగ్లీషు అక్షరాలు ఆమెకు రావు, బొమ్మలు వస్తాయి. సి కొడవలి. హెచ్ కుర్చీ. యు ముంత. కె కాలు చాచినోడు, రెండుసార్లు. ఎ నడుం వంగిన ముసలమ్మ. ఆఖరున నాలుగు. ఆమె ఒక్కో బొమ్మా వెతికి నొక్కుతుంటే గళ్ళలో అక్షరాల బదులు నల్లటి చుక్కలు పడ్డాయి. ఆమె ముఖం విప్పారింది. నేను చుక్క అని రాస్తే అది గూడా చుక్కలే పెడతా ఉండాది సారూ, దీనికి తెలివుండాది అంది. పాస్‌వర్డ్ రహస్యంగా ఉంచుకోవాలని చెప్పాను. మరిచిపోతే ఎట్లా, పదిమందికి తెలిసి ఉంటే మేలు కదా అని ఆమె దాన్ని గట్టిగా చదివి అందరి చేతా వల్లె వేయించింది. వారం తిరిగేసరికి మందులు ఇచ్చే అమ్మాయి కూడా కొడవలి, కుర్చీ, ముంత అని పాడుకుంటూ తిరుగుతోంది.

ఒక్క పొరపాటు చేశాను. అక్షరాలన్నీ ఆమె చేత కొట్టించి, ఆఖరున లాగిన్ అని రాసి ఉన్న నీలం పట్టీని మాత్రం ప్రతిసారీ నేనే చేయి చాచి నొక్కేసేవాణ్ణి. పిల్లలు మెల్లగా టైపు చేస్తుంటే భుజం మీది నుంచి వంగి నేనే కొట్టేసే పాత అలవాటు.

అక్టోబరు, ఆఖరి ఆదివారం

ఏడింటికి నేను నాది చేసుకున్నాను, పొద్దున పూట దొరికింది. వెంటనే బాషాకు ఫోను చేశాను, అతనికీ పొద్దునే దొరికింది. తర్వాత మునెమ్మకు చేశాను. మునెమ్మ ఫోనును మాటలు పైకి వినపడేలా పెట్టుకుని సిద్ధంగా ఉంది. చుక్క4 కొట్టేసింది, చుక్కలు పడ్డాయి. ఇక లాగిన్ చెయ్యి అన్నాను.

"లాగినాను సారూ."

"లాగిన్ అయినావా?"

"లాగినాను. చిన్న సున్నా ఒకటి గిర్రున తిరిగి పాయె."

"చుక్కలు ఉండాయా?"

"చుక్కలు గూడా పాయె."

నెట్ మెల్లగా ఉందనుకున్నాను. మళ్ళీ కొట్టి మళ్ళీ లాగిన్ చెయ్యమన్నాను. మళ్ళీ కొట్టింది, మళ్ళీ లాగినాను అంది, మళ్ళీ చుక్కలు పోయాయి. ఇలా ఏడుసార్లు. మధ్యలో ఫోను పట్టుకుని గుట్ట ఎక్కమన్నాను, ఎక్కింది. సెల్ టవరును తిట్టాను, యాప్ చేసినవాళ్ళను తిట్టాను. ముప్పావు గంటకు పొద్దున పూటలన్నీ నిండిపోయాయి. మధ్యాహ్నాలు నిండిపోయాయి. యాప్ ఆమెను ఎత్తి సాయంత్రం ఐదు నుంచి తొమ్మిదిలో పడేసింది.

సత్యవేడు వైపు ఆఖరి బస్సు ఏడింటికే పోతుంది.

పాత పూటల్లో మేమంతా కలిసి కూర్చునే చివరి రోజు ఆ మంగళవారం. మొన్న ఆదివారం ఏం చేశావో చూపించమని మునెమ్మను అడిగాను, తప్పు ఎక్కడుందో కనిపెట్టి నా పేరు నిలబెట్టుకుందామని. ఆమె బుద్ధిగా కొడవలి నుంచి ముసలమ్మ దాకా కొట్టింది. నాలుగు కొట్టింది. తర్వాత వేలిని అద్దం పైకొసలో పెట్టి, చుక్క దగ్గర పాలు పిండినట్టు, కిందిదాకా గట్టిగా లాగింది. చిన్న సున్నా తిరిగింది. చుక్కలు పోయాయి.

నీలం పట్టీ నొక్కాలి కదా అన్నాను. 

"మీరే చెప్పినారు కదా సారూ. నెట్టంటే నెట్టేది, లాగినంటే లాగేది అని. చూపించినప్పుడంతా మీరే చేస్తా ఉంటిరి, మీ చెయ్యి అడ్డమొచ్చి నాకు కనపడలే."

వార్డులో ఎవరూ నవ్వలేదు.  ఆమె లాగినాను అన్న ప్రతిసారీ నేను లాగిన్ అయినాను అని విన్నాను. ఆమె అన్నది మా సీమ తెలుగు, నేను విన్నది ఇంగ్లీషు. ముప్పై ఐదేళ్ళ టైపులో నేను చేసిన అతి పెద్ద అచ్చుతప్పు నోటితో చేశాను.

కళావతి సిస్టర్ వచ్చి తన చేతిలో ఏమీ లేదని, ఎవరైనా మార్చుకుంటేనే కుదురుతుందని చెప్పింది. తిరుపతిలో రాత్రి ఉండడానికి ఎవరైనా ఉన్నారా అని మునెమ్మను అడిగింది. ఎవరూ లేరు. కూతురి దగ్గరికి పోరాదా అంటే, అక్కడ అత్తగారింట్లో ఒకటే గది అంది. సూదులు తీసి కట్టు కట్టాక మునెమ్మ లేచి సంచి సర్దుకుంది. ఎప్పటిలాగే నా కుర్చీ దగ్గర ఆగింది.

"సాయంత్రం అయితే నేను రాను సారూ. వచ్చినన్నాళ్ళు వచ్చినాను."

కోపంగా అనలేదు. బస్సు దొరకలేదు అన్నంత మామూలుగా అంది. రెండుసార్లు రాకపోతే ఏమవుతుందో ఆ వార్డులో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. ఇది చదివేవాళ్ళలో ఒక్కసారే కదా మానేద్దాం అనుకునేవాళ్ళుంటే, దయచేసి మానకండి. ఆ మాట నేను ఇంతకన్నా హాస్యంగా చెప్పలేను.

నవంబరు

గురువారం నుంచి వానలు పట్టుకున్నాయి. నా పక్క కుర్చీలో ఎవరో కొత్తాయన కూర్చున్నాడు. నా వంతు అయిపోయాక ఇంటికి వచ్చి, ఆ సాయంత్రం సిస్టర్‌కు ఫోను చేస్తే మునెమ్మ రాలేదని చెప్పింది. ఆమెకు ఫోను చేశాను. ఎత్తింది. బాగానే ఉండా అంది, ఆ రెండు మాటలకు మధ్య ఊపిరి తీసుకుంది.

శుక్రవారం అన్నం దగ్గర సరోజకు మొత్తం చెప్పాను. అంతకు ముందు నెట్ మెల్లగా ఉందని మాత్రమే చెప్పి ఉన్నాను.  నీ ఎకసక్కెం ఒకరోజు ఎవరి ప్రాణమైనా తీస్తాదని మా అమ్మ పెళ్ళిలోనే చెప్పింది అంది సరోజ. తర్వాత, చిత్తూరుకు రాత్రి పదింటికి కూడా బస్సు ఉంటుంది కదా అంది. ఉంటుంది అన్నాను. అయితే ఏమడుగుతా ఉండావు, నీ పూట ఆమెకు ఇయ్యి, సాయంత్రాలు నేను గూడా వస్తాను అంది.

శనివారం పొద్దున ఏడింటికే సరోజతో కలిసి వార్డుకు చేరాను. నా కుర్చీలో కూర్చోలేదు. ఇది మునెమ్మకు ఇస్తున్నాను, ఈరోజు నుంచే అన్నాను. కళావతి సిస్టర్ కంప్యూటరులో చూసి, ఇచ్చేవాళ్ళు ఇస్తున్నాననాలి, తీసుకునేవాళ్ళు తీసుకుంటున్నాననాలి, ఎవరి ఫోనులో వాళ్ళే అంది. నాది నేను నొక్కేశాను. ఎనిమిదింటి బస్సుకు ఎక్కితే పదిన్నర దాకా కుర్చీ ఆపుతానని, మూడు గంటలైనా మిషను పెడతానని సిస్టర్ మాట ఇచ్చింది. ఏడూ నలభై అయింది.

ఫోను చేసి మాట పైకి వినపడేలా పెట్టాను. మునెమ్మ ఎత్తింది కానీ మాట రావడానికి సమయం పట్టింది. పడుకుంటే ఊపిరి ఆడక గోడకు ఆనుకుని కూర్చుని ఉందట. సంగతి చెప్పాను. వద్దు సారూ, మీకెందుకు ఆ కష్టం అంది. కష్టం సంగతి వచ్చి మాట్లాడుదువు, ముందు ఫోను తెరువు అన్నాను.

గుమ్మం వచ్చింది. అక్షరాలు గుర్తులేవు అంది. కళ్ళు మసకగా ఉన్నాయట, ఏది ఏదో తెలియడం లేదట. నేను చెప్పేలోపు అవతలి కుర్చీ నుంచి బాషా, కొడవలి అన్నాడు గట్టిగా. కుర్చీ, అంది ఇంకో మూల నుంచి ఒకామె. ముంత, అన్నారు ముగ్గురు ఒకేసారి. సూదులతో కట్టుబడి, కదలడానికి వీలులేని ఐదుగురు మనుషులు ఒక్కో బొమ్మా పిలుస్తుంటే, అవతల ఒక్కో బొమ్మకూ ఆమె ఊ అంటోంది. కాలు చాచినోడు రెండోసారి అన్నప్పుడు చాలాసేపు ఊ రాలేదు. తర్వాత వచ్చింది. ముసలమ్మ. నాలుగు.

ఇక మిగిలింది నా మాట. నోటి చివరిదాకా లాగిన్ అన్న మాట వచ్చింది. మింగేశాను. ఇంగ్లీషు మాటను వదిలేసి ఆమె ఇంటి మాటకోసం వెతికాను.

"మునెమ్మా, వాకిలి ముందర నిలబడినావు. కింద నీలంగా ఉండేది తలుపు. దాన్ని వేలితో తట్టు. ఒక్క తూరి. లాగద్దు, తట్టు."

"తట్టినాను."

 ఏమొచ్చింది అని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. సరోజ అడిగింది.

"నా పేరు వచ్చింది అమ్మా. తెలుగులో ఉండాది. మునెమ్మ అని."

ఆ కింద ఆకుపచ్చ పట్టీ మీద తీసుకుంటున్నాను అని తెలుగులోనే ఉంది, దాన్ని ఆమె నేను చెప్పకుండానే తట్టింది. సిస్టర్ తన తెర మీద చూసి తల ఊపింది. బాషా కళ్ళు మూసుకుని ఏదో దువా చదువుకున్నాడు. బస్సుకు పది నిమిషాలుంది.

పది గంటలా ఇరవై నిమిషాలకు ఆమె తలుపు దగ్గర కనిపించింది. ముఖం పొంగి, కళ్ళు చిన్నవై, చీర అంచులు వానకు తడిసి. నడిచి వచ్చి నా కుర్చీలో కూర్చుంది. నేను పక్కన నిలబడి ఉన్నాను. క్షమించమని అడగాలని బస్సులో అంతా వాక్యాలు కూర్చుకున్నాను, ఒక్కటీ గుర్తు రాలేదు. ఆమే అంది, నీళ్ళు ఎక్కువ తాగేసినా సారూ, ఎట్లాగూ పోతా ఉండా కదా అని. ఎంత తాగినావని అడిగాను. చెంబుడు అంది. ఆ స్థితిలో కూడా నాకు అసూయ కలిగింది. ఆ సంగతి ఒప్పుకున్నాను. ఆమె నవ్వింది, నవ్వడానికి ఊపిరి చాలక దగ్గింది, సిస్టర్ ఇద్దరినీ కసిరింది.

నేనూ సరోజా సాయంత్రం ఐదు దాకా హాలులో ఇనుప బెంచీ మీద కూర్చున్నాం. జరగడానికి తొందరేమీ లేదు కనుక, వెనకవాళ్ళను ముందుకు పోనిచ్చాం.

మొన్నటి ఆదివారం

నెలాఖరు మళ్ళీ వచ్చింది. సాయంత్రం పూటలో ఉన్నాను కనుక ఆ నెలంతా మునెమ్మను చూడలేదు. ఆమె కుర్చీ దిగిన ఐదారు గంటలకు నేను ఎక్కేవాణ్ణి. ఏడింటికే స్నానం చేసి ఫోను పట్టుకుని కూర్చున్నాను. తట్టు అన్న మాటను మనసులో పదిసార్లు అనుకున్నాను. మునెమ్మకు ఫోను చేశాను, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఏడుంబావు అయింది. ఏడున్నర అయింది. ఇంటి చుట్టూ తిరిగాను. సరోజ కాస్త కూర్చోవయ్యా అని అరిచింది. ఇక బస్సు ఎక్కి సత్యవేడు పోదామని చొక్కా వేసుకుంటుంటే, ఏడూ నలభైకి ఆమే చేసింది. పాలు పిండుతూ ఉన్నానని, ఫోను ఇంట్లో మోగితే వినపడలేదని చెప్పింది. గొంతులో ఊపిరి నిండుగా ఉందని ఫోనులోనే నాకు తెలుస్తోంది. తొందరగా ఫోను తెరువు మునెమ్మా, పూటలు అయిపోతాయి అన్నాను.

"నాది అయిపోయింది కదా సారూ. ఏడు కొట్టంగానే చేసినా, పొద్దుటిది దొరికింది. మీదేమైంది?"

నాది. నాది నేను తెరవనే లేదు. తెరిచి చూస్తే పొద్దున నిండిపోయింది, మధ్యాహ్నం నిండిపోయింది. సాయంత్రం ఐదు నుంచి తొమ్మిదికి ఒక్క కుర్చీ ఉంది. ఆ సంగతి ఎలాగోలా చెప్పాను. వెనక సరోజ కొంగు నోట్లో పెట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది. ఈసారి అది ఏడుపు ఆపుకోవడానికి కాదు.  అవతల మునెమ్మ, పిల్లవాడు పలక పగలగొట్టుకుని వస్తే సముదాయించినట్టు అంది.

"పోనీలే సారూ. వచ్చే నెల నేనే ఫోన్ చేస్తా. మీరు ఎత్తండి సాలు."

సరే అన్నాను.